బ్లీచ్ పొయ్యని ఒక్క డిష్

చచ్చాయనుకున్నవి బతికున్నాయని తెలిస్తే ఎవరికైనా సంతోషంగానే ఉంటుంది. నేను మాత్రం ఆ ఉదయం మైక్రోస్కోపు బల్ల అంచు పట్టుకుని ఉన్నచోటే కూలబడ్డాను. రిటైరై ఇంట్లో కూర్చున్నాక కూడా ఆ క్షణం తలచుకుంటే నా అరచేతులు చల్లబడిపోతాయి.

కెనడాలో మా హాలిఫాక్స్‌కు చదువుకోవడానికొచ్చిన మన పిల్లలు అప్పుడప్పుడూ మా ఇంటికి భోజనానికొస్తుంటారు. "ఆంటీ, క్యాన్సర్ రీసెర్చ్‌లో అన్నేళ్లు చేశారు కదా, ఏం కనిపెట్టారు?" అని అడుగుతారు. కనిపెట్టింది ఏమీ లేదర్రా, కనిపెట్టేశామనుకున్నది ఒకటుంది, అది చెబుతాను, ముందు పప్పన్నం తినండి అంటాను. మీకూ అదే చెబుతున్నాను. మీలో రేపు తెల్లకోటు వేసుకునేవాళ్లు ఎవరైనా ఉంటే చెవి ఇటు పడెయ్యండి. లేనివాళ్లు కథలాగా వినండి.

నాది కణాలను పెంచే ఉద్యోగం. రోగుల నుంచి తీసిన క్యాన్సర్ కణాలను ప్లాస్టిక్ డిష్‌లలో వేసి, చక్కెరా ఉప్పూ ప్రోటీన్లూ కలిపిన ఎర్రటి ద్రవం పోసి, ఒంటివేడి ఉండే పెట్టెలో ఉంచడం. ఆ ద్రవాన్ని మేము మీడియా అంటాం, ఆ పెట్టెను ఇంక్యుబేటర్ అంటాం. పసిపిల్లల్ని సాకినట్టే అనుకోండి. వేళకు తిండి, వేళకు శుభ్రం. ఆదివారమని వాటికి తెలియదు. మంచు తుపాను వచ్చి బస్సులూ, హార్బరు దాటించే ఫెర్రీ పడవా ఆగిపోయినా వాటికి ఆకలి ఆగదు. కణాలు తిన్నాయో లేదో తెలుసుకోవడం సులువు. తింటే మీడియా ఎరుపు పోయి నారింజకు, ఆపైన పసుపుకు తిరుగుతుంది. తినకపోతే ఎర్రగానే ఉంటుంది. నాకు పొద్దున్నే ఇంక్యుబేటర్ తలుపు తీయగానే ఆ రంగు చూసి ఎవరు ఎలా ఉన్నారో చెప్పడం అలవాటైపోయింది.

మా బాసు హాస్పిటల్లో డాక్టరు, ల్యాబులో శాస్త్రవేత్త. మంచివాడే, కాకపోతే ఆశపోతు. క్యాన్సర్ కణానికి ఆకలెక్కువ, దానికి విషం పెట్టడం దేనికి, దాని వంటగదినే మూసేద్దాం అనేది ఆయన సిద్ధాంతం. మన ఒంట్లో ప్రతి కణానికీ శక్తి తయారుచేసుకునే ఏర్పాటు ఉంటుందని మీరు స్కూల్లో చదివే ఉంటారు. క్యాన్సర్ కణం ఆ ఏర్పాటును ఎడాపెడా వాడుకుంటుంది. దాన్ని ఆపే మందులు చాలాచోట్ల పరీక్షిస్తున్నారు. మా దగ్గరున్నది అలాంటిదే ఒకటి. మా బెంచీల మీద దాన్ని పరీక్షించే కుర్రాడు వరంగల్ నుంచి వచ్చినవాడు, పీహెచ్‌డీ అయ్యాక మా దగ్గర పోస్ట్‌డాక్‌గా, అంటే జీతానికి పరిశోధన చేసేవాడిగా, చేరాడు. బయట నన్ను ఆంటీ అనేవాడు. ల్యాబులో అలా పిలిస్తే ఊరుకోనని మొదటిరోజే చెప్పాను, అందుకని తలుపు దాటగానే మేడమ్ అనేవాడు.

ఇక ఆమె. నా పక్క బెంచీ ఆమెది. కేప్ బ్రెటన్ దీవి నుంచి వచ్చిన జాలరి కూతురు. నోరు పెద్దది, నవ్వు అంతకన్నా పెద్దది. ఇద్దరం ఒకే ఏడాది చేరాం. ఇద్దరం డార్ట్‌మత్ వైపు నుంచి ఒకే ఫెర్రీలో హార్బరు దాటేవాళ్లం. ఆమె మాట్లాడింది ఇంగ్లీషే గానీ, ఎందుకో ఆమె మాటలన్నీ నాకు తెలుగులోనే గుర్తున్నాయి. చలికాలం వస్తే ల్యాబులో అందరికీ చేతితొడుగులు అల్లిపెట్టేది. నా లంచ్‌బాక్సులో పెరుగన్నం చూసి మొదట్లో ముక్కు చిట్లించేది. తర్వాత ఎలా తోడుపెట్టాలో నేర్పించుకుని మరీ ఇంట్లో పెరుగు చేసుకునేది.

ఆ తోడు సంగతే ఈ కథంతా. మా అత్తగారికి ఒక చట్టం ఉండేది. పెరుగు గిన్నె పూర్తిగా ఊడ్చి కడగకూడదు, ఎంత ఆకలేసినా రేపటి తోడుకు ఓ చెంచాడు మిగల్చాలి. కొత్త కోడలిగా ఓసారి తెలియక ఊడ్చేశాను, వారం రోజులు సాధించింది. ఆ భయం నా వేళ్లలోకి పోయింది. మా ల్యాబులో ప్రతి శుక్రవారం పని అయిపోయిన డిష్‌లన్నిటిలో కణాలను చంపే బ్లీచ్ పోసి పారేస్తాం. నేను మాత్రం ప్రతి పనిలోంచీ ఒక్క డిష్ ఉంచేదాన్ని. పాత ద్రవం కడిగేసి, కొత్త మీడియా పోసి, అడుగు అరలో పెట్టి, వచ్చే వారం పారేసేదాన్ని. ఒకసారి బూజు పట్టి తక్కినవన్నీ పాడైతే, నేను ఉంచిన డిష్‌లోంచే మళ్లీ పెంచుకున్నాం. అప్పటినుంచి ఎవరూ నన్నేమీ అనలేదు. ఆమె దానికి పెరుగు డిష్ అని పేరుపెట్టింది. బాసు కూడా మీటింగుల్లో "పెరుగు డిష్ ఉందా?" అనేవాడు, పెరుగు అనే మాట ఆయన నోట్లో పడి పెర్గో అయ్యేది.

ఆ పేరు పెట్టిన ఆమెకు అండాశయంలో క్యాన్సర్ వచ్చింది.

సర్జరీ అయింది, కీమో అయింది, తగ్గింది. కొంతకాలానికి మళ్లీ వచ్చింది. పొట్టలో నీరు చేరితే హాస్పిటల్లో తీసేవారు. ఓరోజు ఆమె బాసు గదిలోకి వెళ్లి, "ఆ నీళ్లు ఎలాగూ పారబోస్తారు, మన ల్యాబుకు ఇప్పించండి. నిండా నా కణాలేగా" అంది. ఆయన బిత్తరపోయాడు. కుదరదన్నాడు, రోగుల కణాలు వాడాలంటే హాస్పిటల్ కమిటీలు ఒప్పుకోవాలన్నాడు. ఆమె పట్టు విడవలేదు. కమిటీలన్నీ తిరిగి అనుమతి తెచ్చుకుంది. రోగి పేరు లేకుండా ఒక నంబరుతో ఆ నీళ్లు మా దగ్గరకొచ్చాయి. పేరు లేకపోతేనేం, ఎవరివో మా అందరికీ తెలుసు. నా పక్క బెంచీ మనిషి కణాలను నేను డిష్‌లలో పెంచడం మొదలుపెట్టాను. మొదటిరోజు మూత మీద ఆ నంబరు రెండుసార్లు తప్పు రాశాను. తర్వాత అదీ అలవాటైంది. మనిషి దేనికి అలవాటుపడడు చెప్పండి.

ఆమె సెలవులో ఉంది. ఒంట్లో బాగున్న రోజు వచ్చి స్టూలు మీద కూర్చుని మమ్మల్నందర్నీ సతాయించేది. తన కణాలను తాకడానికి వీల్లేదని రూలు, కాబట్టి దూరం నుంచే కేకలేసేది. "నా వాళ్లకు తిండి పెట్టావా తల్లీ? చల్లటి మీడియా పొయ్యకు, జలుబు చేస్తుంది." అందరం నవ్వేవాళ్లం.

రెండోసారి మొదలైన కీమో ఆమెను పిండేసింది. వేళ్లు మొద్దుబారాయి. చొక్కా బొత్తాములు పెట్టుకోలేకపోయేది, అల్లికసూదులు చేతిలో నిలిచేవి కావు. కానీ కీమో పనిచేస్తోంది. పొట్టలో నీరు చేరడం తగ్గింది, రక్తపరీక్షలు మెరుగుపడుతున్నాయి. ఇంకా కొన్ని విడతలు చేయించుకోవాలని ఆమె డాక్టరు అన్నాడు. సరిగ్గా అప్పుడే మా మందు లాంటిదే ఒకటి రోగులకిచ్చి చూసే ట్రయల్ లండన్‌లో మొదలవుతోందని తెలిసింది. ఇంగ్లండు లండన్ కాదు, ఇక్కడే కెనడాలో ఒంటారియో రాష్ట్రంలో ఉన్న లండన్. అందులో చేరాలంటే ముందు కీమో మానేసి కొన్ని వారాలు ఖాళీగా ఉండాలి. ఆ ఖాళీలో జబ్బు ఎగిసిపడితే ఆపేవాళ్లు లేరు. పనిచేస్తున్న మందును వదిలి, పనిచేస్తుందో లేదో తెలియని మందు కోసం ఎదురుచూడటమన్నమాట. అందరం మా ఫలితం కోసం కాచుకుని ఉన్నాం.

ఆమె కణాలకు మా మందు పోశాం. కణాలు చచ్చాయో లేదో తేల్చడానికి ప్రతి ల్యాబులోనూ వాడే ఒక పసుపు రంగు ఉంది. బతికున్న కణం దాన్ని ఊదారంగుకు మారుస్తుంది. చచ్చిన కణం మార్చలేదు, పసుపు పసుపుగానే ఉండిపోతుంది. ఎంత ఊదా ఉందో మెషిన్ కొలిచి చెబుతుంది. ఏళ్ల తరబడి మేము చేస్తున్న పనే. ఫొటోల కోసం అదే మందు పోసిన డిష్‌లు కూడా పక్కన పెట్టుకున్నాం.

ఒక మధ్యాహ్నం, ఆ రంగు పోసిన కణాల ప్లేటు బయటికి తీసినప్పుడు ఆమె స్టూలు మీదే ఉంది. మందు పొయ్యని వైపు చిక్కటి ఊదా. మందు పోసిన వైపు ఒక్క చుక్క ఊదా లేదు. అంతా పసుపు, పెళ్లికి పసుపు కొట్టినట్టు. వరంగల్ కుర్రాడు "మేడమ్!" అని అరిచాడు. బాసు పరిగెత్తుకొచ్చాడు. మైక్రోస్కోపు కింద డిష్‌లూ చూశాం. కణాలు ముడుచుకుపోయి, కదలిక లేకుండా ఉన్నాయి. అచ్చం చచ్చినట్టే ఉన్నాయి. మీడియా ఎర్రగా ఉంది, అంటే ఎవరూ తినడం లేదు. ఇంకేం కావాలి?

బాసు ఆమెను కౌగిలించుకుని ఏడ్చాడు. అంతటి మనిషి చిన్నపిల్లాడిలా వెక్కివెక్కి ఏడ్చాడు. నేనూ ఏడ్చాను. మర్నాడు నేను పులిహోర చేసుకెళ్లాను, కుర్రాడు డోనట్ల పెట్టె తెచ్చాడు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అని మనవాళ్లు ఊరికే అనలేదు. ఆమె పులిహోర తింటూ, "ఈ లాంగ్ వీకెండ్ అవ్వగానే, సోమవారమూ సెలవే కదా, మంగళవారం మధ్యాహ్నం డాక్టరు దగ్గరకు వెళ్తున్నాను. కీమో ఆపెయ్యమంటాను. లండన్ వెళ్తాను. మళ్లీ అల్లుకుంటాను" అంది. ఆ చివరి మాటకే మేమంతా కరిగిపోయాం.

శుక్రవారం సాయంత్రం బ్లీచ్ పోస్తున్నాను. ఆమె చూస్తూ కూర్చుంది. అన్నిటిలో పోశాను. ఒకటి పక్కకు జరిపి, మందు కడిగేసి, కొత్త మీడియా పోస్తుంటే పకపకా నవ్వింది.

"చచ్చినవాటికి కూడా భోజనం పెడతావా? విరిగిన పాలకు తోడేస్తే పెరుగవుతుందా తల్లీ?"

"అవ్వకపోతే మంగళవారం పారేస్తా. గిన్నె ఊడిస్తే మా అత్తగారు కల్లోకొచ్చి తిడుతుంది."

"పాపం, ఆవిడ పోయినా నిన్ను వదల్లేదు" అంది. నేను డిష్‌ను అడుగు అరలో పెట్టి తలుపు వేశాను.

మంగళవారం పొద్దున హార్బరంతా పొగమంచు. ఫెర్రీ హారన్ కొట్టుకుంటూ మెల్లగా దాటింది. ల్యాబుకు అందరికంటే ముందు చేరాను. అర ఖాళీ చేద్దామని ఇంక్యుబేటర్ తీశాను.

పెరుగు డిష్‌లో మీడియా పసుపుగా ఉంది.

ఎవరో తిన్నారు. నాకు ముందు తోచిన మాట అదే. తాళం వేసి వెళ్లిన ఇంట్లో కంచం ఎంగిలిపడి ఉంటే ఎలా ఉంటుంది? అలా ఉంది నాకు. బాక్టీరియా చేరిందేమో, అది చేరినా పసుపవుతుంది, అయ్యో బాక్టీరియా అయితే బాగుండు అనుకుంటూ డిష్ మైక్రోస్కోపు కింద పెట్టాను. జీవితంలో మొదటిసారి నా డిష్‌లో బాక్టీరియా ఉండాలని మొక్కుకున్నాను.

బాక్టీరియా లేదు. కణాలున్నాయి. ముడుచుకుపోయినవన్నీ విచ్చుకుని, ఒకదాన్నొకటి ఒరుసుకుని, నున్నగా, నిండుగా, ఎక్కడ చూస్తే అక్కడ. కొన్ని రెండుగా చీలుతూ నా కళ్లముందే ఉన్నాయి. అప్పుడే కూలబడ్డాను.

కుర్రాడు వచ్చాడు. డిష్ చూపించాను. చూశాడు. తల ఎత్తాడు. మళ్లీ చూశాడు.

"ఇది మందు వెయ్యని డిష్ కదా ఆంటీ?"

ల్యాబులో ఆంటీ అన్నందుకు తిట్టే ఓపిక కూడా లేదు నాకు. "మూత మీద నీ చేతిరాతే, చూసుకో" అన్నాను.

చూసుకున్నాడు. "ఎట్లైతది ఇది? మనం చూసినం కదా. ఒక్కటి కూడా ఊదా కాలే కదా." అంటూ అటూ ఇటూ నడిచాడు. నడుస్తూ నడుస్తూ టక్కున ఆగిపోయాడు. రెండు చేతులూ నెత్తిన పెట్టుకున్నాడు.

"ఆంటీ, ఆ రంగును ఊదా చేసేది కణంలోని శక్తే కదా."

"అవును."

"మన మందు ఆపేది ఆ శక్తినే కదా."

ఇంకేమీ చెప్పక్కర్లేకపోయింది. మీకు తేలిగ్గా చెబుతాను. వీధిలో కరెంటు తీసేసి, లైట్లు వెలగడం లేదు కాబట్టి ఇళ్లల్లో మనుషులు చచ్చిపోయారన్నాం మేము. వాళ్లు లోపల దుప్పటి కప్పుకుని పడుకున్నారు. నేను మందు కడిగెయ్యడంతో కరెంటొచ్చింది, లేచి కడుపునిండా తిన్నారు. వేరే మందులకు ఆ రంగు చక్కగా పనిచేస్తుంది, ఏళ్ల తరబడి పనిచేసింది కూడా. శక్తిని ఆపే మందుకు మాత్రం అదే రంగు వాడకూడదు. ఇన్ని చదువులు చదివిన మా అందరి తలల్లో ఆ ఒక్క ముక్క వెలగలేదు. వెలగకపోవడానికి కారణం కూడా చెబుతాను: మాకు ఆ పసుపు కావాలి. కావాలనుకున్నది కనబడితే ఎవరు కళ్లు నులుముకుని రెండోసారి చూస్తారు?

బాసు వచ్చాడు. చూశాడు. ఆయన కుర్చీలో కూర్చున్న తీరు చూసి భయమేసింది. తేరుకుని వాదన మొదలుపెట్టాడు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు.

"ఒక్క డిష్‌తో ఏమీ తేలదు. ఏదో పొరపాటు జరిగుండొచ్చు. మళ్లీ మొదటినుంచి చేద్దాం. అప్పటిదాకా ఎవరికీ చెప్పొద్దు."

"ఆమె మధ్యాహ్నం డాక్టరు దగ్గరకు వెళ్తోంది" అన్నాను. "కీమో ఆపెయ్యమని చెప్పడానికి."

"అది ఆమెకూ ఆమె డాక్టరుకూ మధ్య విషయం. పరిశోధన ఫలితాలు రోగికి చెప్పకూడదని కమిటీ రూలు. మనకు ఆ హక్కు లేదు."

నాకు ఒళ్లు మండిపోయింది. అన్నేళ్లలో ఆయన మీద గొంతెత్తింది అదొక్కసారే. "మొన్న కౌగిలించుకుని ఏడ్చినప్పుడు ఏమైందండీ ఈ రూలు? మంచి వార్తకు అడ్డురానిది చెడ్డ వార్తకు ఎక్కణ్నించి ఊడిపడింది?" అని అరిచేశాను. నా గొంతు విని నేనే ఉలిక్కిపడ్డాను.

ఆమెకు ఫోన్ చేశాను, ఎత్తలేదు. మళ్లీ చేశాను, ఎత్తలేదు. పిల్లి మెడలో గంట ఎవరు కట్టాలా అని ముగ్గురం ఒకరి ముఖం ఒకరం చూసుకుంటుంటే తలుపు తోసుకుని ఆమే వచ్చేసింది. నీలం కోటు వేసుకుంది. లిప్‌స్టిక్ పెట్టుకుంది. డాక్టరు దగ్గరకు వెళ్లేముందు మమ్మల్ని చూసిపోదామని వచ్చిందట. మా ముఖాలు చూసి గుమ్మంలోనే ఆగింది.

"ఏంటలా ఉన్నారు? ఎవరు పోయారు?"

"ఎవరూ పోలేదు" అన్నాను. "అదే వచ్చిన చిక్కు."

ఆమె నవ్వబోయి ఆగిపోయింది. మైక్రోస్కోపు కింద ఉన్న డిష్‌ను చూసింది, నన్ను చూసింది. అన్నేళ్లు కణాలు పెంచిన మనిషి. విడమరచి చెప్పాల్సిన అవసరం ఎక్కడుంది?

"పెరుగయ్యిందా?" అంది మెల్లగా.

తలూపాను. బాసు లేచి, "చూడూ, ఇది ఇంకా ఖాయం కాదు" అని ఏదో మొదలుపెట్టాడు. ఆమె చెయ్యెత్తి ఆపింది. వచ్చి మైక్రోస్కోపు ముందు కూర్చుంది. ఫోకస్ తిప్పబోయింది. వేళ్లకు స్పర్శ లేదు, చక్రం జారిపోతోంది. "నువ్వు తిప్పు" అంది. ఆమె తల పక్కన తల పెట్టి నేను తిప్పాను. "ఆగు. చాలు. అక్కడ."

ఊరి కొండ మీది పాత కోటలో రోజూ మధ్యాహ్నం పన్నెండుకు పేల్చే ఫిరంగి అప్పుడే పేలింది. ఏళ్లుగా వింటున్నదే అయినా మేం ముగ్గురం అదిరిపడ్డాం. ఆమె కదల్లేదు.

"ఎంత అందంగా ఉన్నాయో" అంది.

నేను విన్నది నిజమేనా అని ఆమెవైపు చూశాను. కళ్లు ఇంకా మైక్రోస్కోపులోనే ఉన్నాయి.

"ఇంత ఆరోగ్యంగా ఉన్న కణాలను మనం ఎప్పుడైనా పెంచామా చెప్పు? ఎలా బలిశాయో చూడు. నేనేమో ఇలా ఎండిపోయాను." అప్పుడు తల ఎత్తింది. బాసు వైపు తిరిగి, "నువ్వు ఏడ్చావు. నువ్వు ఏడ్చావు కాబట్టి నమ్మాను. రంగు చూసి కాదు" అంది. ఆయన ముఖం కప్పుకున్నాడు. ఆ మాటకు నాకు చెంప ఛెళ్లుమన్నట్టయింది. ఆ రోజు నేనూ ఏడ్చాను కదా.

కుర్రాడు ధైర్యం చేసి దగ్గరకొచ్చాడు. మందు ఉన్నంతసేపూ అవి నిద్రపోతున్నాయని, మందు పోగానే లేస్తున్నాయని, వేరే మందుతో కలిపితే ఏమైనా పనిచెయ్యొచ్చేమో గానీ ఇప్పటికి తెలియదని నిజాయితీగా చెప్పాడు. ఆమె విని, వాడి చెయ్యి తట్టింది. తర్వాత నావైపు తిరిగింది.

"నాకొక మాటివ్వు. ఇవి నన్ను చంపి, నా వెనకాల హాయిగా ఇక్కడ భోంచేస్తూ కూర్చుంటే నేనొప్పుకోను. నేను బతికున్నంతకాలం వీటిమీద ఏ మందు కావాలంటే ఆ మందు పోసుకోండి. నేను పోయినరోజు వీటికీ ఆఖరిరోజే. బ్లీచ్ నువ్వే పొయ్యాలి. డిష్‌లలోవీ, ఫ్రీజర్‌లోవీ, అన్నిటిలో. పెరుగు డిష్ ఉంచకూడదు."

"అలాంటి మాటలు మాట్లాడకు" అన్నాను.

"మాటివ్వు."

ఇచ్చాను. ఆమె కోటు సర్దుకుని లేచింది. హాస్పిటల్ రోడ్డు దాటితే చాలు. నేనూ వెంట వెళ్లాను, ఆమె వద్దనలేదు. ఏం చెబుతుందో నాకు తెలియదు. మేము చంపలేకపోయిన వాటిని చూశాక కూడా, విసిగిపోయి, కీమో వద్దు లండనూ వద్దు, అన్నీ మానేస్తానంటుందేమోనని భయం.

ఆమె డాక్టరు చిన్న వయసువాడు. కీమో మానేస్తానని ఆమె ముందే ఫోన్లో చెప్పింది కాబట్టి ఆమె మనసు మార్చడానికి ఏవో లెక్కలు సిద్ధం చేసుకుని కూర్చున్నాడు. "ఆలోచించుకున్నారా?" అన్నాడు.

ఆమె కోటు విప్పి నా చేతికిచ్చింది. చొక్కా చెయ్యి పైకి మడవబోయింది, బొత్తాము రాలేదు. నేను విప్పాను. ఆమె ఆ చెయ్యి ఆయన ముందుకు చాపింది.

"తర్వాతి విడత ఎప్పుడు?" అంది.

కీమో గదిలో నర్సు ఏ చేతికి సూది పెట్టమంటారని అడిగితే, "ఏదైనా ఒకటే, వేళ్లకెలాగూ తెలియదు" అని నవ్వింది. అదే పెద్ద నవ్వు. నేను బాత్రూములోకి వెళ్లి కుళాయి తిప్పి గట్టిగా ఏడ్చాను.

కీమో ఆమెకు కొన్నేళ్లిచ్చింది. వేళ్లకు కొంత స్పర్శ తిరిగొచ్చింది. వంకరటింకర చేతితొడుగులు అల్లి అందరికీ పంచింది, నావి రెండూ ఎడమ చేతికే సరిపోతాయి. మా కుర్రాడు పట్టుదలగా అన్నీ మళ్లీ చేశాడు. డిష్ చెప్పిందే నిజమని తేలింది. బాసు తానే నిలబడి, పదిమంది డాక్టర్ల ముందు మేము ఎలా మోసపోయామో చెప్పాడు. ఆయన మీద నాకు పోయిన గౌరవం ఆరోజు తిరిగొచ్చింది. ఇప్పుడు ఆ ల్యాబులో ఏ మందు పరీక్షించినా, రంగు ఏం చెప్పినా సరే, ఒక డిష్ కడిగి, మీడియా పోసి, అడుగు అరలో ఉంచి చూడాలనేది నియమం. కొత్తగా చేరిన పిల్లలు కూడా పెరుగు డిష్ అనే అంటారు. ఎందుకంటారో వాళ్లకు తెలియదు.

తర్వాత జబ్బు మళ్లీ తిరగబెట్టింది. ఈసారి ఏ మందుకూ లొంగలేదు. ఆమె పోయిన కబురు ఫెర్రీలో ఉండగా ఫోన్లో విన్నాను. పక్క సీటు ఖాళీగా ఉంది. ల్యాబుకు వెళ్లేసరికి బాసు నా కోసం నిలబడి ఉన్నాడు. ఆమె హాస్పిటల్‌కు ముందే రాసిచ్చి వెళ్లిందట, తన కణాలేవీ ఉంచొద్దని. ఆయన ఏమీ అనలేదు. ఫ్రీజర్ తాళం నా చేతిలో పెట్టి పక్కకు తప్పుకున్నాడు.

ఫ్రీజర్‌లోంచి ఆమె కణాలు గడ్డకట్టించి దాచిన గొట్టాలన్నీ తీశాను. ఇంక్యుబేటర్‌లోంచి డిష్‌లు తీశాను. మీడియా పసుపుగా ఉంది. ఆమె పోయినా అవి రాత్రంతా తింటూనే ఉన్నాయి. ఒక్కొక్కదాంట్లో బ్లీచ్ పోశాను. రంగంతా పోయి నీళ్లలాగా అయ్యాయి. చివరిదాకా వచ్చి సీసా మూత పెట్టబోతూ చూసుకుంటే, నా ఎడమచేతి పక్కన ఒక డిష్ విడిగా ఉంది. నేనే జరిపాను. ఎప్పుడు జరిపానో నాకే తెలియదు.

కాసేపు దాన్నే చూస్తూ నిలబడ్డాను. తర్వాత దాంట్లోనూ పోశాను.